కాలిన రీళ్ళకు కొత్త ఆట

మన ఊళ్ళో పాతబొమ్మ మళ్ళీ హాలుకు వచ్చిందంటే, ఆవేళ ఎవరో హీరోగారి పుట్టినరోజన్నమాట. న్యూయార్కులో పాతబొమ్మకూ కొత్తబొమ్మకూ సమానంగా పీట వేసే హాలొకటుంది. పేరు ఫిల్మ్ ఫోరం. 1970లో 50 మడతకుర్చీలతో, ఒకే ప్రొజెక్టరుతో మొదలైంది. లాభంకోసం నడిచేది కాదు. ఇవాళ నాలుగు తెరలు. ఒకదానిమీద కొత్త డాక్యుమెంటరీ, పక్కదానిమీద ఏ జపాను బొమ్మో, ఒక్కోసారి పక్కన పియానో వాయిస్తుండగా మూకీ!

ఈ కలగాపులగం ఎందుకండీ అంటారేమో. 2015 మే నెల సంగతి వినండి. ఆ నెల అక్కడ సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి', 'అపరాజితో', 'అపుర్ సంసార్' ఆడాయి. వాటి అసలు నెగెటివులు 1993లో లండనులో ఒక లాబొరేటరీ తగలబడినప్పుడు కాలిపోయాయి. మిగిలిన ముక్కలను ఎవరో పుణ్యాత్ములు పారేయకుండా దాచారు. ఇరవై ఏళ్ళ తరవాత ఇటలీలో, బొలోన్యా నగరంలోని పనివారు, పెళుసెక్కిన ఆ ఫిల్ముకు తడి పట్టించి, చిరిగిన అంచులు చేత్తో అతికారు. మొదటి చిత్రంలో నూటికి దాదాపు 40 పాళ్ళు అలా దక్కింది. మూడోదానికి వేరే ప్రతులే దిక్కయినాయి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కదా, నాకు వెంటనే బ్రౌను దొర గుర్తొచ్చాడు. ఆయన పండితులచేత తాటాకు ప్రతులు సరిచూపించి సాపు రాయించాడు. కాని కావ్యాన్ని ఇంట్లో ఒంటరిగానైనా చదువుకోవచ్చు. బొమ్మకు తెర కావాలి, చీకట్లో పక్కన నలుగురు కావాలి.

నా విద్యార్థులకు 1932 నాటి మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' చూపిద్దామంటే, ప్రతి ఎక్కడా దొరకదు.