కోటిపల్లి రైలుమార్గము

ప్రధానమార్గమునుండి చీలిపోవు రైలుదారిని శాఖ యందురు. ఈ పేరు చెట్టునుండి వచ్చినది. వంటచెరకు కావలసినప్పుడు గొడ్డలి మొదట పడునది కొమ్మమీదనే. మ్రానును ఎవరును నరుకరు. కాకినాడనుండి కోటిపల్లికి పోవు 45 కిలోమీటర్ల రైలుమార్గపు చరిత్ర ఈ మాటకు చక్కని నిదర్శనము.

కోటిపల్లి గౌతమీతీరమందలి పుణ్యక్షేత్రము. ఏటి కావలియొడ్డున ముక్తేశ్వరము. అది కోనసీమకు వాకిలి. 1852లో ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమలో కాలువలే రాచబాటలైనవి. ధాన్యమును, ప్రయాణికులను పడవలే మోసెడివి. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలువంతెన తెరువబడెను. మద్రాసునుండి కలకత్తాకు పోవు మార్గము సామర్లకోటమీదుగా సాగెను. అచ్చటినుండి చీలిన శాఖ కాకినాడ రేవును చేరెను. మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే కాలమున, 1928లో, కాకినాడకు దక్షిణముగా మరియొక కొమ్మ పెరిగెను. కరప, వేళంగి, రామచంద్రపురము, ద్రాక్షారామము దాటి అది కోటిపల్లిలో ఆగెను. భీమేశ్వరుని దర్శింపబోవు యాత్రికునకును, ధాన్యపు వర్తకునకును ఒకే బండి దారి చూపెను.

అయితే ఈ మార్గము నదివరకు వచ్చినదే కాని నదిని దాటలేదు. కోనసీమకు పోవలసినవాడు రైలు దిగి రేవున పడవ యెక్కవలసినదే. ఈ కొరతయే దానికి ముప్పు తెచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇనుమునకు, పట్టాలకు గిరాకి హెచ్చెను. దేశమున అనేక శాఖామార్గములను ఊడదీసి యుద్ధావసరములకు మళ్లించిరి. రెండు కొసలును కలిసిన మార్గమును తీసినచో దూరప్రయాణములు స్తంభించును. ఒక కొస ఏటియొడ్డున ముగిసిన మార్గమును తీసినచో ఆ పల్లెలవారికి తప్ప ఇతరులకు నష్టము తెలియదు. 1940లో కోటిపల్లి పట్టాలను తొలగించిరి.

యుద్ధము 1945లో ముగిసెను. పట్టాలు మాత్రము తిరిగి రాలేదు. స్వాతంత్ర్యము వచ్చెను, ఆంధ్రరాష్ట్ర మేర్పడెను, పంచవర్ష ప్రణాళికలు నడచెను. రైలు నడచినది 12 ఏండ్లు. లేకపోయినది 64 ఏండ్లు. అమలాపురము ప్రతినిధియు, లోక్‌సభాధ్యక్షుడునైన జి.ఎం.సి. బాలయోగి దీని పునరుద్ధరణకు పాటుపడెను. ఆయన 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదమున మరణించెను. 2004లో రైలు మరల కోటిపల్లికి వచ్చెను.

కాని అప్పటికి కాలము మారినది. పుదుచ్చేరిలో భాగమైన యానామునుండి ఎదుర్లంకకు గౌతమిపై రోడ్డువంతెన 2002లోనే తెరువబడెను. బస్సు ఏరు దాటిపోవుచుండెను. రైలు మాత్రము తొల్లింటివలెనే యొడ్డున ఆగెను. కొంతకాలము ఈ మార్గమున ఒంటరి రైలుబస్సు తిరిగినది. 2020లో దేశమంతట ప్రయాణికుల బండ్లు ఆగినప్పుడు ఇదియు ఆగెను. ప్రయాణికులు తక్కువనుట నిజమే కావచ్చును. దారి నడుమనే ఆగిన బండికి ప్రయాణికులు ఎక్కువగుట ఎట్లు?

కోటిపల్లినుండి అమలాపురముమీదుగా నరసాపురమునకు 57 కిలోమీటర్ల మార్గము 2000-01లో మంజూరైనది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ అను మూడు పాయలను అది దాటవలెను. దాటిననాడు కోటిపల్లి కొసగాక నడిమి మజిలీ యగును. కొమ్మ మ్రానులో కలియును. దాటనంతవరకు ఈ మార్గమునకు 1940నాటి భయము తీరదు.

రచయితల కిందులో పని యున్నది. మొదటి రైలును పదియేండ్ల ప్రాయమున ఎక్కినవారికి నేడు తొంబదియేండ్లు దాటినవి. అట్టివారు మిగిలినది కొలదిమంది. ఆ బండి కూతను, టిక్కెట్టు వెలను, రేవున పడవకై కాచుకొనిన రాత్రులను చెప్పగల నోళ్లు త్వరలో మూతపడును. పోయిన పట్టాలను 64 ఏండ్లకైనను మరల వేయగలిగిరి. పోయిన మాటను మరల తెచ్చు ప్రభుత్వ శాఖ ఏదియు లేదు.