జైలు గోడ దాటిన బొమ్మలు

నేరం చేసినవాళ్లూ, అలాంటి నేరాల వల్ల అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచి పుట్టిన కుడ్యచిత్రాల కథ ఇది.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఏ వీధికి వెళ్లినా గోడలు పలకరిస్తాయి. 1984లో మేయర్ విల్సన్ గూడ్ హయాంలో, గోడల మీద పిచ్చిరాతలు ఆపించడానికి నగరపాలక సంస్థ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ పనికి వచ్చిన చిత్రకారిణి జేన్ గోల్డెన్, స్ప్రే డబ్బాలు పట్టుకు తిరిగే కుర్రాళ్లకు కుంచెలిచ్చి బొమ్మలు వేయించారు. అదే నేటి ‘మ్యూరల్ ఆర్ట్స్ ఫిలడెల్ఫియా’. ఆ కుంచెలు తర్వాత జైలుకూ చేరాయి.

నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని గ్రేటర్‌ఫోర్డ్ జైల్లో యావజ్జీవ ఖైదీలు ఎక్కువగా ఉండేవారు. పెన్సిల్వేనియాలో యావజ్జీవమంటే సాధారణంగా ఊపిరి ఉన్నంతకాలం, పెరోల్ ఉండదు. అలాంటివాళ్లు ఊరి గోడకు రంగులేయడం ఎలా?

గుడ్డ మీద. పారాచూట్ క్లాత్ అనే పల్చటి గుడ్డను ఐదేసి అడుగుల చదరపు ముక్కలుగా కోస్తారు. పెద్ద బొమ్మను గళ్లుగా విడదీసి, ఒక్కో గడినీ ఒక్కో ముక్క మీద గీస్తారు. ఎక్కడ ఏ రంగు వేయాలో తెలిసేలా అంకెలు రాస్తారు. ఖైదీలు లోపల రంగులు నింపాక, ఆ ముక్కల్ని బయటికి తెచ్చి అక్రిలిక్ జెల్‌తో గోడకు అతికిస్తారు. పైన మళ్లీ రంగు సరిదిద్దితే అతుకులు కనబడవు.

2004లో పూర్తయిన ‘హీలింగ్ వాల్స్’ ప్రాజెక్టు మాత్రం అంత సాఫీగా సాగలేదు. చిత్రకారుడు సీజర్ వివేరోస్ ఆధ్వర్యంలో ఖైదీలూ బాధితులూ కలిసి ఒకే బొమ్మ వేయాలనుకున్నారు. ఆ బొమ్మ ఎలా ఉండాలన్న దగ్గరే మాట కుదరలేదు. తమ దుఃఖమూ, నేరం చేసినవాళ్ల పశ్చాత్తాపమూ ఒకే బొమ్మలో ఇమడడం బాధితులకు మింగుడుపడలేదు. నిర్వాహకులు వాళ్ల నోరు మూయించలేదు. ఒక గోడ కాస్తా రెండయింది: ఒకటి ఖైదీల ప్రయాణం, రెండోది బాధితుల ప్రయాణం. ఆ రెండూ జర్మన్‌టౌన్ అవెన్యూలో వెలిశాయి. 2009లో వచ్చిన ‘కాంక్రీట్, స్టీల్ అండ్ పెయింట్’ డాక్యుమెంటరీ ఈ పెనుగులాటనంతా చూపిస్తుంది.

జైలు బొమ్మల్లో మరో దారి నార్వేది. 2010లో తెరిచిన హాల్డెన్ జైల్లో వీధి చిత్రకారుడు డోల్క్ చేత ప్రభుత్వమే బొమ్మలు వేయించింది. కాలి గొలుసుకు ఉండాల్సిన ఇనుపగుండును షాట్‌పుట్‌లా విసరబోతున్న చారల చొక్కా ఖైదీ ఒక గోడ మీద కనిపిస్తాడు. చక్కటి బొమ్మే. కానీ అక్కడ ఖైదీ చూసేవాడు. గ్రేటర్‌ఫోర్డ్‌లో ఖైదీ వేసేవాడు. తన చేతి పని ఊరి గోడకు ఎక్కుతుందని తెలిసి కుంచె పట్టిన మనిషికి, ఆ ఊరికి తానేం బాకీపడ్డాడో ఆలోచించక తప్పదు.

గ్రేటర్‌ఫోర్డ్ 2018లో మూతపడింది. ఖైదీలను పక్కనే కట్టిన ఫీనిక్స్ జైలుకు తరలించారు. మరోవైపు, జైలు నుంచి విడుదలైన యువతకు మ్యూరల్ ఆర్ట్స్ ‘గిల్డ్’ పేరుతో జీతమిచ్చి పని నేర్పుతోంది.

ఏ బొమ్మా పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేదు. అందుకే జైళ్లలో కళా కార్యక్రమాలు తలపెట్టే అధికారులకు, చిత్రకారులకు ఒక్క విన్నపం: రంగులు కొనడానికి ముందే బాధితుల ఇంటికి వెళ్లండి. వాళ్లు చెప్పేది వినండి. వద్దంటే ఆగండి.