పూతరేకు చూస్తే కేలరీలే గుర్తొస్తున్నాయా? కాస్త ఆకలి మాట వినండి!

చేతిలో ఆత్రేయపురం పూతరేకు.. కళ్లేమో ఫోన్‌లోని కేలరీల యాప్‌పై! వద్దు వద్దనుకుంటూ కడుపు మాడ్చుకోవడం, ఆనక ఒకేసారి నాలుగైదు లాగించేసి బాధపడటం చాలామందికి మామూలైపోయింది. అమెరికా డైటీషియన్లు ఎవెలిన్ ట్రిబోలీ, ఎలీస్ రెష్ 1995లో దీనికి 'ఇంట్యూటివ్ ఈటింగ్' అనే దారి చూపారు. ఆకలేస్తే తినాలి, కడుపు నిండితే ఆపాలి, ఏ వంటకమూ నిషేధం కాదు. వినడానికి ఈజీనే.. కానీ కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. అందుకే ఫోన్ పక్కనపెట్టి నెమ్మదిగా తినండి. సగంలో ఆగి, ఇంకా ఆకలిగా ఉందా అని చూసుకోండి. కొసరి కొసరి వడ్డించే కోనసీమ ఇళ్లలో 'ఇక చాలండీ' అనడమే అసలు కష్టం! ఇది బరువు తగ్గించే డైట్ కాదు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.