పేరు కాదు, స్పెసిఫికేషన్ చూడండి: హైబ్రిడ్ కారు చిన్న బ్యాటరీపై అపోహలు – వాస్తవాలు

హైబ్రిడ్ కారులో సాధారణంగా రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒకటి కారును కదిలించే హై వోల్టేజి బ్యాటరీ. రెండోది మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల ఆగ్జిలరీ బ్యాటరీ. పెద్దదాని వారంటీ ఎన్నేళ్లో కారు కొనేటప్పుడే అడిగి తెలుసుకుంటాం. చిన్నదాని సంగతి అది మొరాయించిన రోజే గుర్తొస్తుంది. ఆ రోజు తలా ఒక మాట చెబుతారు. షోరూంలో ‘మా దగ్గరి బ్యాటరీ తప్ప ఇంకేదీ పెట్టకూడదు’ అంటారు. సందు చివర షాపులో ‘పన్నెండు వోల్టులే కదండీ, ఏదైనా పనిచేస్తుంది’ అంటారు. రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది. ఏ సగం నిజమో తెలియక కొందరు అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటున్నారు, ఇంకొందరు కారును చిక్కుల్లో పెడుతున్నారు.

అపోహ: కారు స్టార్ట్ కాలేదంటే హైబ్రిడ్ బ్యాటరీ పోయినట్టే. లక్షలు సిద్ధం చేసుకోవాలి.

వాస్తవం: చాలాసార్లు పోయేది చిన్న బ్యాటరీయే. రెండో, మూడో తరం టయోటా ప్రియస్‌నే తీసుకుందాం. వాటిలో పెద్ద బ్యాటరీ 201.6 వోల్టులది. కారు ఆపగానే రిలేలు తెరుచుకుని దాన్ని మిగతా కారు నుంచి విడదీస్తాయి. భద్రత కోసం చేసిన ఏర్పాటు అది. బటన్ నొక్కినప్పుడు ముందుగా కంప్యూటర్లు మేలుకోవాలి, తర్వాత ఆ రిలేలు మూసుకోవాలి. ఈ రెండు పనులకూ కరెంటు ఇచ్చేది 12 వోల్టుల బ్యాటరీ. అది నీరసిస్తే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు ‘రెడీ’ స్థితికి రాదు. డ్యాష్‌బోర్డు మీద సంబంధం లేని హెచ్చరిక దీపాలన్నీ ఒకేసారి వెలుగుతాయి. రిమోట్‌తో తలుపు తెరుచుకోదు.

కాబట్టి పెద్ద ఖర్చుకు సిద్ధపడే ముందు ఒక మల్టీమీటరు తెప్పించండి. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక చూస్తే, మంచి బ్యాటరీ 12.6 వోల్టులు, అంతకు కాస్త పైన చూపుతుంది. 12.4 దగ్గర ఉంటే సుమారు ముప్పావు వంతు ఛార్జి ఉన్నట్టు. 12 కిందకు దిగితే దాదాపు ఖాళీ. కారు ‘రెడీ’లో ఉన్నప్పుడు అదే మీటరు 14 వోల్టుల చుట్టుపక్కల చూపితే ఛార్జింగ్ అందుతున్నట్టే. అయితే వోల్టేజి బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. పాతబడిన బ్యాటరీ విడిగా 12.5 చూపించి, లోడు పడగానే కుప్పకూలవచ్చు. అందుకే లోడ్ టెస్టు కూడా చేయించాలి.

అపోహ: సెల్ఫ్ బలంగా కొట్టాలి కాబట్టి ఎక్కువ క్రాంకింగ్ శక్తి ఉన్న బ్యాటరీయే కావాలి.

వాస్తవం: టయోటా, హోండా స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఇంజిన్‌ను తిప్పేది 12 వోల్టుల సెల్ఫ్ మోటారు కాదు. హై వోల్టేజి బ్యాటరీతో నడిచే మోటార్ జనరేటర్. ఈ కార్లలో మామూలు డైనమో కూడా ఉండదు. పెద్ద బ్యాటరీ కరెంటును డీసీ–డీసీ కన్వర్టర్ తగ్గించి చిన్నదానికి అందిస్తుంది. అందుకే బ్యాటరీ మీద రాసే క్రాంకింగ్ ఆంపియర్ల అంకె ఇక్కడ అంత ముఖ్యం కాదు.

అలాగని ఎంత బలహీనమైనదైనా చాలనుకోవద్దు. ప్రియస్‌లో డ్రైవర్ తలుపు తీయగానే చిన్న గుర్రుమనే శబ్దం వినిపిస్తుంది. అది బ్రేకు పంపు ఒత్తిడి నింపుకుంటున్న శబ్దం. ఆ పంపూ, కంప్యూటర్లన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి. ఆ క్షణంలో వోల్టేజి పడిపోకూడదు.

మారుతి ‘స్మార్ట్ హైబ్రిడ్’ వంటి మైల్డ్ హైబ్రిడ్ల లెక్క వేరు. వాటిలో మామూలు సెల్ఫ్ ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగుతూ, మళ్లీ స్టార్ట్ అవుతూ ఉంటుంది. వాటికి స్టార్ట్–స్టాప్‌ను తట్టుకునే రకం బ్యాటరీయే వేయాలి. వాటిలోని విడి లిథియం బ్యాటరీ జోలికి బయటి షాపులో వెళ్లకపోవడమే మంచిది.

అపోహ: కంపెనీ బ్యాటరీ కాకుండా వేరేది పెడితే కంప్యూటర్లు కాలిపోతాయి.

వాస్తవం: కార్ల కంపెనీలు ఈ బ్యాటరీలను సాధారణంగా సొంతంగా తయారు చేయవు. జపాన్‌లో జీఎస్ యుయాసా, మన దేశంలో ఎక్సైడ్, అమరరాజా వంటి సంస్థలు కార్ల కంపెనీలకూ సరఫరా చేస్తాయి, బయటి మార్కెట్‌లోనూ అమ్ముతాయి. అమరరాజాను 1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించారు. తిరుపతి దగ్గర కరకంబాడిలో దాని పరిశ్రమ ఉంది. ఆ సంస్థ బ్యాటరీ ‘అమరాన్’ పేరు వినని డ్రైవరు మన దగ్గర ఉండడు. షోరూం డబ్బాలో వచ్చే బ్యాటరీ కూడా ఇలాంటి ఏదో ఒక ఫ్యాక్టరీలో పుట్టిందే.

కారు కంప్యూటరుకు బ్యాటరీ మీది స్టిక్కరు కనిపించదు. దానికి తెలిసేవి వోల్టేజి, కరెంటు, కొన్ని మోడళ్లలో ఉష్ణోగ్రత. అవి సరిగా ఉంటే దానికి అభ్యంతరం లేదు. బీఎండబ్ల్యూ వంటి కొన్ని కార్లలో మాత్రం కొత్త బ్యాటరీ పెట్టాక స్కానర్‌తో నమోదు చేయాలి. మీ కారుకు ఆ అవసరం ఉందో లేదో యజమాని పుస్తకంలో చూసుకోండి.

అపోహ: 12 వోల్టులదైతే చాలు, ఏదైనా సరిపోతుంది.

వాస్తవం: అసలు నష్టం జరిగేది ఈ అపోహ దగ్గరే. బయటి బ్రాండు తీసుకోవచ్చు గానీ, నాలుగు విషయాల్లో అది పాతదానికి సరిపోలాలి.

మొదటిది రకం. రెండో, మూడో తరం ప్రియస్‌లలో చిన్న బ్యాటరీ బానెట్ కింద కాకుండా డిక్కీలో ఉంటుంది. అంటే మనం కూర్చునే గాలిలోనే అదీ ఉన్నట్టు. ఆసిడ్ ద్రవంగా ఉండే మామూలు బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో ఆ వాయువు 4 శాతం చేరితే నిప్పు అంటుకునే స్థితి వస్తుంది. దానితోపాటు ఆసిడ్ తుంపరలు చుట్టూ ఉన్న లోహాన్ని తినేస్తాయి. అందుకే అక్కడ ఏజీఎం రకం పెడతారు. అందులో ఆసిడ్‌ను గాజు పీచు పొరలు పీల్చుకుని ఉంటాయి. లోపల పుట్టిన వాయువులు చాలావరకు మళ్లీ నీరుగా మారిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ పోసే పనే ఉండదు.

రెండోది గాలి గొట్టం. ఏజీఎం కూడా అతిగా ఛార్జ్ అయితే కవాటం తెరిచి వాయువును వదులుతుంది. దాన్ని కారు బయటికి పంపడానికి సన్నని గొట్టం ఉంటుంది. కొత్త బ్యాటరీకి ఆ గొట్టం తగిలించే రంధ్రం ఉందా అని అడగండి. పాతది తీసిన మెకానిక్ గొట్టాన్ని మళ్లీ తగిలించాడో లేదో దగ్గరుండి చూడండి. పని ముగించే తొందరలో ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

మూడోది కొలత. జపాన్ పద్ధతి కోడ్‌లో అంతా రాసే ఉంటుంది. ప్రియస్‌లలో కనిపించే ఎస్46బి24ఆర్ అనే కోడ్‌నే చూడండి. మొదటి ఎస్ అంటే సీల్డ్ రకం. 46 పనితీరు స్థాయి. బి అనేది వెడల్పు, ఎత్తుల వర్గం. 24 అంటే పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. చివరి ఆర్ టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయో చెబుతుంది. పాత బ్యాటరీ మీది కోడ్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకుని షాపుకు వెళ్తే సగం వాదన తప్పుతుంది.

నాలుగోది టెర్మినళ్లు. జపాన్ చిన్న బ్యాటరీల టెర్మినళ్లు సన్నగా ఉంటాయి. లావు టెర్మినల్ ఉన్నది తెస్తే క్లాంపు పట్టదు, సుత్తితో కొట్టి పట్టిస్తారు. ప్లస్, మైనస్ అటూ ఇటూ అయిన బ్యాటరీ తెస్తే తీగలు అందవు, సాగదీసి బిగిస్తారు. పొరపాటున తిరగేసి కలిపితే పెద్ద ఫ్యూజులు ఎగిరిపోతాయి. డీసీ–డీసీ కన్వర్టర్ కూడా దెబ్బతినవచ్చు. బ్యాటరీలో మిగిల్చిన డబ్బుకు ఎన్నో రెట్లు అక్కడ ఖర్చవుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

అపోహ: ఆంపియర్ అవర్లు ఎంత పెరిగితే అంత మంచిది, మైలేజీ కూడా పెరుగుతుంది.

వాస్తవం: బ్యాటరీ పెట్టే తొట్టిలో సరిగా కూర్చుంటే కాస్త ఎక్కువ సామర్థ్యం ఉన్నది పెట్టినా నష్టం లేదు. కారు ఎక్కువ రోజులు కదలకుండా ఉన్నప్పుడు అది కొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. అంతవరకే. మైలేజీకీ, పికప్‌కూ దానితో సంబంధం లేదు. ఆ పని పెద్ద బ్యాటరీదీ, మోటారుదీ. అలాగని పెద్ద సైజు తెచ్చి, పట్టీ పట్టక తాడుతో కట్టించుకోవద్దు. ప్రమాదం జరిగినప్పుడు బ్యాటరీ ఊడి ఎగరకుండా ఆపేది ఆ పట్టీయే.

అపోహ: లిథియం కొత్త సాంకేతికత కాబట్టి కళ్లు మూసుకుని అదే వేయించుకోవచ్చు.

వాస్తవం: లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తేలిక, వాడుతున్నప్పుడు వోల్టేజి నిలకడగా ఉంటుంది. కానీ అందులో ఒక రక్షణ సర్క్యూట్ ఉంటుంది. వేడి, వోల్టేజి, కరెంటు హద్దు దాటితే అది బ్యాటరీని ఉన్నట్టుండి విడదీస్తుంది. గడ్డకట్టే చలిలో ఈ రకం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో పాత ప్రియస్ కొనుక్కున్న మన పిల్లలు ఇది గమనించాలి. సీసం బ్యాటరీ కోసం రూపొందించిన ఛార్జింగ్ వ్యవస్థకు ఆ లిథియం బ్యాటరీ సరిపోతుందని తయారీదారు మీ మోడల్ పేరుతో రాసిస్తే తప్ప ప్రయోగం వద్దు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. హ్యుందాయ్ అయోనిక్ హైబ్రిడ్‌లో కంపెనీయే 12 వోల్టులకు లిథియం బ్యాటరీ వాడింది. దాన్ని పెద్ద బ్యాటరీతో కలిపి అమర్చింది. ఛార్జి దిగిపోతే నొక్కడానికి డ్రైవర్ దగ్గర రీసెట్ బటన్ పెట్టింది. ఒక మోడల్‌కు పనికొచ్చిన సలహా ఇంకో మోడల్‌కు పనికిరాదు.

అపోహ: బయటి బ్యాటరీ వేయిస్తే కారు వారంటీ మొత్తం పోతుంది.

వాస్తవం: అమెరికాలో 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండు విడిభాగమే వాడాలని కంపెనీ షరతు పెట్టకూడదు. ఆ భాగాన్ని ఉచితంగా ఇస్తే, లేదా ప్రభుత్వ సంస్థ మినహాయింపు ఇస్తేనే అది కుదురుతుంది. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల విడిభాగాల కేసులో తీర్పు ఇచ్చింది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లారన్న ఒక్క కారణంతో వారంటీని గంపగుత్తగా రద్దు చేయకూడదని, బయటి రిపేరు లోపంవల్ల జరిగిన నష్టం మేరకే దాన్ని నిరాకరించవచ్చని చెప్పింది. కొన్ని కంపెనీలు దానిపై అప్పీలుకు వెళ్లాయి.

అందువల్ల జాగ్రత్త మన చేతిలోనే ఉండాలి. సరైన కోడ్ ఉన్న బ్యాటరీ కొనండి. బిల్లు మీద కారు నంబరు, బ్యాటరీ సీరియల్ నంబరు రాయించుకోండి. కారు ఇంకా వారంటీలో ఉంటే షరతుల కాగితం ఒకసారి చదవండి. తిరగేసి కలిపి కన్వర్టర్ కాల్చుకుంటే మాత్రం ఏ చట్టమూ కాపాడదు.

అపోహ: హైబ్రిడ్ తనంతట తానే ఛార్జ్ అవుతుంది, నెలల తరబడి వదిలేసినా ఏమీ కాదు.

వాస్తవం: ఇప్పుడున్న చాలా హైబ్రిడ్లలో కారు ‘రెడీ’లో ఉన్నప్పుడే చిన్న బ్యాటరీ ఛార్జ్ అవుతుంది. ఆగి ఉన్నప్పుడు అలారం, స్మార్ట్ కీ రిసీవర్, గడియారం కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ‘రెడీ’ చేయకుండా పాటలు వింటూ కూర్చుంటే ఇంకా త్వరగా దిగిపోతుంది. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి ఐదారు నెలల తర్వాత తిరిగొచ్చే పెద్దల కారు అందుకే పలకదు. వారానికోసారి ఎవరిచేతనైనా అరగంట, గంట ‘రెడీ’లో ఉంచమని చెప్పి వెళ్లండి. ఇంజిన్ దానంతటదే స్టార్ట్ అవుతుంది కాబట్టి ఆ సమయంలో కారు గాలి ఆడే చోట ఉండాలి. లేదంటే ఏజీఎం సెట్టింగ్ ఉన్న మెయింటెయినర్ ఛార్జరు పెట్టండి. వీధి షాపులో ఎక్కువ ఆంపియర్లతో రాత్రంతా పెట్టే ఛార్జింగ్ ఏజీఎం ఆయుష్షును తగ్గిస్తుంది.

ఎండ సంగతీ మరవకూడదు. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా సీసం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. మన ఎండల్లో నీడన ఆపిన కారుకూ, ఎండలో వదిలేసిన కారుకూ తేడా వచ్చేది అందుకే.

అపోహ: ఛార్జి దిగితే ఏ బండితోనైనా జంప్ చేసుకోవచ్చు, మన హైబ్రిడ్‌తో ఇంకో కారుకూ ఇవ్వచ్చు.

వాస్తవం: హైబ్రిడ్‌ను మేల్కొలపడానికి మామూలు 12 వోల్టుల కారు చాలు. లారీ, బస్సు మాత్రం వద్దు, వాటిది సాధారణంగా 24 వోల్టుల వ్యవస్థ. డిక్కీలో బ్యాటరీ ఉన్న ప్రియస్‌లలో బానెట్ కింద ఫ్యూజు పెట్టెలోనే జంప్ చేసుకునే ప్లస్ టెర్మినల్ ఇచ్చారు. ఇక మీ హైబ్రిడ్‌తో ఇంకో కారుకు జంప్ ఇవ్వకండి. మామూలు సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. చిన్న బ్యాటరీ, కన్వర్టర్ దాని కోసం చేసినవి కావు.

అపోహ: హైబ్రిడ్‌లో ఏ బ్యాటరీ ముట్టుకున్నా షాక్ కొడుతుంది.

వాస్తవం: ప్రాణం తీసేది హై వోల్టేజి వైపు. దాని తీగలు నారింజ రంగులో ఉంటాయి, వాటిని ముట్టుకోకూడదు. 12 వోల్టులతో షాక్ తగలదు గానీ, పానా రెండు టెర్మినళ్లకూ తగిలితే నిప్పురవ్వలు ఎగిసి చేయి కాలుతుంది. కారు పూర్తిగా ఆపి, కాసేపు ఆగి, ముందు మైనస్ విప్పండి. బిగించేటప్పుడు మైనస్ చివర. డిక్కీ తలుపు కరెంటుతో తెరుచుకునే రకమైతే పని ముగిసేదాకా దాన్ని మూయకండి. తాళాలు లోపల పెట్టకండి. తర్వాత గడియారం, పవర్ విండోల ఆటో సదుపాయం మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు. అది బ్యాటరీ లోపం కాదు.

చివరగా, కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, షాపులోనే మీటరు పెట్టించండి, 12.5 కంటే తక్కువ చూపే పాత సరుకు తీసుకోకండి. పాత బ్యాటరీని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు దాన్ని వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. సీసాన్ని పెరట్లో కరిగించేవాళ్ల చేతికి అది వెళ్లకూడదు.

బయటి బ్యాటరీ వేయించడం తప్పు కాదు, తెలియకుండా వేయించడమే తప్పు. రకం, గాలి గొట్టం, కొలత, టెర్మినళ్లు: ఈ నాలుగూ కలిస్తే ఏ మంచి బ్రాండైనా మీ కారుకు సరిపోతుంది. వాటిలో ఒక్కటి కుదరకపోయినా, షాపువాడు ఎంత తగ్గింపు ఇస్తానన్నా వద్దని చెప్పి వచ్చేయండి.