దయ్యం కనబడకపోతేనే భయం

నటి రేవతి ఒంటరిగా నడుస్తుంటుంది. చుట్టూ మనిషి అలికిడి లేదు. వెనక నుంచి ఏదో వస్తున్నట్టు అనిపించి అడుగు వేగం పెంచుతుంది. వచ్చేది కూడా వేగం పెంచుతుంది. చివరికి ఆమె పరుగందుకుంటుంది. తరుముతున్నదేమిటో మాత్రం తెర మీద చూపించరు. తరిమేది కెమెరాయే. ఆ కెమెరా కంటితో చూస్తున్నది హాల్లో కూర్చున్న ప్రేక్షకుడు. 1992లో వచ్చిన రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ మనిషిని పట్టుకునే తీరు ఇది. ముప్పై ఏళ్లు దాటిపోయినా, తెలుగు హారర్ అభిమాని తనకిష్టమైన సినిమాలను వరసపెట్టి చెప్పమంటే ఈ పేరు దగ్గరే మొదలుపెడతాడు.

భయపెట్టే సినిమాను ఇష్టపడేవాళ్లకు కామారెడ్డి ప్రాంతం మంచి అడ్డా. దోమకొండలో పాత సంస్థానం కోట ఉంది. ఎల్లారెడ్డి వైపు అడవి దారులున్నాయి. ఇక్కడి పిల్లలు దయ్యాన్ని సినిమాలో చూడకముందే పెద్దల మాటల్లో కలుస్తారు. చింతచెట్టు కిందికి పొద్దుగూకినంక పోవద్దంటారు. పొలిమేర దాటేటప్పుడు ఎవరో పిలిచినట్టనిపిస్తే వెనక్కి చూడొద్దంటారు. అమావాస్య తెల్లారి మూడు తొవ్వలు కలిసే కాడ కోసిన నిమ్మకాయ, కుంకుమ కలిపిన అన్నం ముద్ద కనబడితే పక్క నుంచి నడవమంటారు. ఇవన్నీ వింటూ పెరిగినవాళ్లను కోరలు, తెల్లచీర, విరబోసుకున్న జుట్టు పెద్దగా బెదిరించలేవు. తమకు తెలిసిన ఇల్లు, తెలిసిన ఊరు, తెలిసిన చప్పుడు ఉన్నట్టుండి పరాయిగా మారితేనే వాళ్ల ఒళ్లు జలదరిస్తుంది. తెలుగులో ఇప్పటికీ నిలిచిన హారర్ సినిమాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, వాటి బలమంతా ఈ ఒక్క చోటే ఉందని తెలుస్తుంది.

మొదట్లో మన తెర మీద దయ్యం దాక్కునేది కాదు. జానపద చిత్రాల దర్శకుడు బి.విఠలాచార్య దాన్ని బాజాప్తా ముందుకు తెచ్చి నిలబెట్టాడు. 1978 నాటి ‘జగన్మోహిని’లో కోడలి రూపంలో ఇంట్లో చేరిన దయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ దృశ్యం చూసినవాళ్లు దాన్ని మరిచిపోలేదు. గాల్లో ఎగిరే పుర్రెలు, నడిచే అస్థిపంజరాలు చూడటానికి జనం బండ్లు కట్టుకుని మరీ టెంట్ హాళ్లకు పోయేవారు. అది కళ్లప్పగించి చూసే వినోదం. గుండె దడ పుట్టించే పనిని ఆ తర్వాత కొంతకాలం వారపత్రికలు చేశాయి.

అలా సీరియళ్లుగా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ నవలలు ‘తులసిదళం’, దాని కొనసాగింపు ‘తులసి’ తెలుగు పాఠకులను ఊపేశాయి. ఒక చిన్నపిల్ల మీద చేతబడి, పక్కనే డాక్టర్లు, తర్కం, అనుమానం. మంత్రమా మనసా అన్న ప్రశ్నను చివరిదాకా వదలకుండా నడిపించడం ఆ నవలల పట్టు. చదివినవాళ్లు రాత్రి లైటు ఆర్పడానికి వెనకాడారు. ఈ కథల్లోంచే ‘కాష్మోరా’ అన్న క్షుద్రశక్తి పేరు జనం నోట్లో నానింది. అదే పేరుతో 1986లో రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియలతో సినిమా వచ్చింది. పుస్తకంలో మాటలు పుట్టించిన దడను తెరమీదికి తేవాలంటే కొత్త పనితనం కావాలని అప్పటికే అర్థమైంది.

ఆ పనితనం ‘రాత్రి’లో దొరికింది. దర్శకుడు కాకముందు వర్మ హైదరాబాద్ అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడిపాడు. విలియం ఫ్రీడ్‌కిన్ ‘ఎక్సార్సిస్ట్’ (1973), శామ్ రైమీ ‘ఈవిల్ డెడ్’ (1981) లాంటి సినిమాలు వీడియో క్యాసెట్ల ద్వారానే ఊరూరా తిరిగిన కాలం అది. నేల మీద పాకుతూ దూసుకొచ్చే కెమెరా ‘ఈవిల్ డెడ్’ ప్రపంచానికి ఇచ్చిన ఎత్తు. వర్మ దాన్ని తెచ్చి, కొత్తగా అద్దెకు దిగిన ఒక మధ్యతరగతి కుటుంబం ఇంట్లో పెట్టాడు. తల్లి, తండ్రి, కాలేజీకి వెళ్లే కూతురు, ఒక పిల్లి, మూసి ఉన్న నేలమాళిగ. దాదాపు ఇంతే సరంజామా. కెమెరా పట్టింది తర్వాత దర్శకుడైన తేజ. నేపథ్య సంగీతం మణిశర్మది, ఆయన సినిమా ప్రయాణం ఇక్కడే మొదలైంది.

‘రాత్రి’ని మళ్లీ మళ్లీ చూసేవాళ్లు దాన్ని కళ్లతో కంటే చెవులతో ఎక్కువ గుర్తు పెట్టుకుంటారు. నిశ్శబ్దం సాగుతుంది, సాగుతుంది, చెవులు రిక్కించుకుని వింటున్నప్పుడే ఒక్కసారిగా చప్పుడు పడుతుంది. అకస్మాత్తు శబ్దానికి మనిషి కండరాలు బిగుసుకోవడం ఆలోచన కంటే ముందు జరిగిపోయే శరీర స్పందన. “ఇది సినిమాయే కదా” అని మనసు సర్దిచెప్పుకునేలోపే గుండె వేగం పెరిగిపోతుంది. హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లో స్నానాల గది దృశ్యానికి బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాద్యాలతో చేసింది కూడా ఇదే. వర్మ ఆ తర్వాత ‘దెయ్యం’ (1996) తీశాడు. హిందీలో పాటలే లేకుండా ‘భూత్’ (2003) తీశాడు. అభిమానులు మాత్రం తిరిగి తిరిగి ‘రాత్రి’ దగ్గరికే వస్తారు.

2009 సంక్రాంతికి వచ్చిన ‘అరుంధతి’ది వేరే దారి. కోడి రామకృష్ణ దర్శకత్వంలో శ్యాంప్రసాద్‌రెడ్డి నిర్మించిన ఈ సినిమాలో దయ్యం బాగా కనబడుతుంది, గట్టిగా మాట్లాడుతుంది. అయినా భయపెడుతుంది, ఎందుకంటే కథ గద్వాల సంస్థానంలో జరుగుతుంది. సజీవ సమాధి అయిన పశుపతి పాడుబడ్డ కోటలో తరాల తరబడి కాచుకుని ఉంటాడు. గడీల మధ్య పెరిగిన తెలంగాణ ప్రేక్షకుడికి ఆ గోడల వెనక ఏం జరిగి ఉంటుందో ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. చిత్రీకరణ జరిగింది కర్నూలు ప్రాంతంలోని బనగానపల్లెలో, నవాబుల పాత బంగ్లాలో. ఇప్పుడు దాన్ని చూడటానికి వచ్చేవాళ్లు అరుంధతి బంగ్లా అనే అడుగుతారు.

అనుష్క జేజెమ్మగా నిలబడిన తీరు ఎంత గొప్పదో, పశుపతి గొంతు అంత గొప్పది. తెర మీద సోనూ సూద్, వెనక గొంతు పి.రవిశంకర్. పశుపతి నోట ఆయన పలికిన ‘బొమ్మాళి’ అనే మాట ఆ తర్వాత ఆయన పేరు ముందు ఇంటిపేరులా చేరిపోయింది. కామారెడ్డి జిల్లావాళ్లు ఈ సినిమా చూశాక ఒకసారి దోమకొండ కోటకు కూడా వెళ్లి రావాలి. శిథిలం కాకుండా కాపాడుకుంటూ వచ్చిన ఆ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. పట్టించుకోకుండా వదిలేసిన కోట దయ్యాల కథ అవుతుంది. చేయి వేసి నిలబెట్టుకున్న కోట ఊరికి పేరు తెస్తుంది.

‘చంద్రముఖి’ (2005)కి కూడా అభిమానుల్లో గట్టి చోటుంది. మలయాళ ‘మణిచిత్రత్తాళు’ (1993) దాని మూలం. తమిళంలో తీసినప్పుడే చంద్రముఖిని విజయనగరం నుంచి తెచ్చిన నర్తకిగా రాశారు, ఆమె పాడే పాట తెలుగులోనే పెట్టారు. దయ్యం అనుకున్నది చివరికి మనసుకు పట్టిన జబ్బని సైకియాట్రిస్టు తేల్చడం ఆ కథకు ప్రాణం. జ్యోతిక కళ్లు ఆడించిన తీరు చూసి వణికినవాళ్లు కూడా బయటికొచ్చేటప్పుడు ఆ పిల్ల మీద జాలిపడ్డారు.

తర్వాతి ఏళ్లలో దయ్యం నవ్వించే పనిలో పడింది. ‘కాంచన’, ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘రాజుగారి గది’ (2015) వరసగా ఆడాయి. ‘ఆనందో బ్రహ్మ’ (2017)లో మనుషులను చూసి దయ్యాలే జడుసుకుంటాయి. కుటుంబాలు కలిసి చూసి కడుపుబ్బ నవ్వుకున్న సినిమాలివి. వీటి మధ్య, చిన్న ఖర్చుతో వచ్చిన రవిబాబు ‘అవును’ (2012) పాత పద్ధతిని పట్టుకుని నిలబడింది. కొత్తగా కాపురం పెట్టిన జంట, కొత్త ఇల్లు, ఆ ఇంట్లో కంటికి కనబడని ఒక చూపు. పూర్ణ ఖాళీ గదిలో ఎవరితోనో పెనుగులాడుతున్నట్టు నటించింది. తలుపు గడియ వేసుకున్నాక కూడా తనను ఎవరో చూస్తున్నారన్న బెదురు ఆడవాళ్లకు కొత్త కాదు. ఆ సినిమా భయం అంతా అక్కడి నుంచే వచ్చింది.

2022 నవంబరులో ‘మసూద’ వచ్చాక అభిమానుల జాబితాలు మళ్లీ మారాయి. దర్శకుడు సాయికిరణ్ దీంట్లో దయ్యాన్ని తొందరగా చూపించడు. స్కూల్ టీచరుగా పనిచేసే ఒంటరి తల్లి నీలం, ఆమె కూతురు నాజియా, పక్క ఫ్లాటులో ఉండే పిరికి కుర్రాడు గోపి. ముందు వీళ్ల రోజువారీ బతుకు చూపిస్తాడు. చాయ్ తాగడం, మాట సాయం చేసుకోవడం, ఇంటికి ఆలస్యంగా రావడం. వాళ్లు మన పక్కింటివాళ్లే అనిపించాక ఆ పిల్ల ప్రవర్తన మారుతుంది. ధైర్యం లేని గోపి ఆ తల్లీకూతుళ్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం సినిమాకు వెన్నెముక. తిరువీర్, సంగీత, బాంధవి శ్రీధర్ ఒక్కచోట కూడా అతి చేయలేదు. పీర్ల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసి నడిచే తెలంగాణలో, కష్టమొస్తే దర్గా మెట్లెక్కే అలవాటు ఇంటింటికీ ఉన్నదే. అందుకే బాబా దగ్గరికి వెళ్లే దృశ్యాలు ఇక్కడివాళ్లకు కల్పనలా తోచవు.

ఇక ఊరిని, పొలిమేరను కథలోకి తెచ్చిన సినిమాలు రెండు. 2021 డిసెంబరులో నేరుగా ఓటీటీలో విడుదలైన ‘మా ఊరి పొలిమేర’లో అనిల్ విశ్వనాథ్ కొమురయ్య అనే ఆటో డ్రైవరును, జంగయ్య అనే అతని తమ్ముడిని పరిచయం చేశాడు. పేర్లు వినగానే మన ఊరివాళ్లే అనిపిస్తారు. అప్పటిదాకా కామెడీ పాత్రలతో తెలిసిన సత్యం రాజేశ్ కొమురయ్యగా కనబడితే, ఆ మొహంలోని నెమ్మదితనమే చివరికి వణుకు పుట్టిస్తుంది. ఆదరణ ఎంత వచ్చిందంటే రెండో భాగం 2023 నవంబరులో థియేటర్లలోకి వచ్చింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో కార్తీక్ వర్మ దండు ‘విరూపాక్ష’ వచ్చింది. స్క్రీన్‌ప్లే సుకుమార్‌ది, సంగీతం ‘కాంతార’ అజనీష్ లోక్‌నాథ్‌ది. రుద్రవనం అనే ఊళ్లో 1979లో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఒక జంటను జనం తగలబెడతారు. పుష్కర కాలం గడిచాక ఊళ్లో చావులు మొదలవుతాయి. అష్టదిగ్బంధనం వేసి ఊరి నుంచి ఎవరూ బయటికి పోకుండా, బయటివాళ్లు లోపలికి రాకుండా కట్టడి చేస్తారు. సినిమాలో వచ్చే చావులన్నీ ఒక ఎత్తు, మొదట్లో కర్రలూ కాగడాలూ పట్టుకున్న ఆ గుంపు ఒక ఎత్తు. ఆ గుంపులోని మొహాలే అన్నిటికంటే ఎక్కువ భయపెడతాయి.

ఆ దృశ్యం పూర్తిగా ఊహ కాదు కాబట్టే అంత భయం. కామారెడ్డికి ఆనుకుని ఉన్న మెదక్ ప్రాంతం బాణామతి అనే చేతబడి పేరు చెబితే ఒకప్పుడు వణికిపోయింది. 1980ల్లో వైద్యులు, మనస్తత్వ నిపుణులు, విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలు అక్కడి ఊళ్లు తిరిగి, మనుషులు పడుతున్న బాధకు మందు మంత్రగాడి దగ్గర లేదని ఓపికగా చెప్పి వచ్చారు. చేతబడి నెపం మీద మనుషులను కొట్టిన, చంపిన ఘటనలు తెలంగాణలో ఆ తర్వాత కూడా జరిగాయి. జిల్లా సరిహద్దు దాటితే వచ్చే మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దుర్మార్గాలను అరికట్టడానికి చట్టాలు చేసుకున్నాయి. మహారాష్ట్రలో ఆ చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను అదే 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపారు. హారర్‌ను ప్రేమించేవాళ్లు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసుకుని ఉండాలి. టికెట్ కొని కూర్చున్న భయం రెండున్నర గంటల్లో తీరిపోతుంది. వాడకట్టులో ఒక ముసలమ్మ మీద పడ్డ అనుమానం ఆమెను బతకనివ్వదు.

కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంటిల్లిపాదీ కూర్చుంటే ‘ఆనందో బ్రహ్మ’తో తేలిగ్గా మొదలుపెట్టి ‘చంద్రముఖి’కి వెళ్లవచ్చు. ఆ తర్వాత ‘అరుంధతి’. ఒంటరిగా చూసే గుండె ఉంటే ‘మసూద’, ఆపైన ‘రాత్రి’, అది కూడా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని. ‘విరూపాక్ష’కు సెన్సార్ బోర్డు పెద్దలకు మాత్రమే అని ‘ఏ’ సర్టిఫికెట్ ఇచ్చింది, పిల్లలను నిద్రపుచ్చాకే పెట్టుకోవాలి. 2024 నిబంధనల ప్రకారం యూఏ సర్టిఫికెట్‌ను ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు పైబడినవాళ్లకు అని మూడుగా విడగొట్టారు. కొత్త హారర్ సినిమాకు పిల్లలను తీసుకెళ్లే ముందు పోస్టరు మీద ఆ అంకె ఏముందో చూసుకుంటే చాలు, ఇంట్లో అందరికీ ఆ రాత్రి నిద్ర పడుతుంది.