వయసు మళ్ళిన పిల్లికి ఇంట చోటు

గోదావరి డెల్టాలో పిల్లి ముచ్చటకు పెంచుకొన్న జంతువు కాదు. వరి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి తప్పవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయి, కాలువల వెంట మాగాణి విస్తరించిన తరువాత ఈ బంధం మరింత బిగిసినది. గాదెలోను, పురిలోను ఏడాది పొడుగునా ధాన్యం నిలువ ఉంచుకొనే ఇంటికి పిల్లి జీతం లేని కావలిదారు. గిన్నెడు మజ్జిగన్నం, ఒక చేపతోక, అంతే దాని భత్యం. నేడు ధాన్యం కళ్ళం నుండే లారీ ఎక్కి మిల్లుకు పోవుచున్నది. గాదెలు పోయినవి, పెంకుటిండ్ల స్థానంలో మేడలు లేచినవి, పిల్లి పడుకొనే అటకలు కూడ లేవు. పని పోయిన పిల్లి చిన్నతనంలో పిల్లలకు ఆటవస్తువు, వయసు మళ్ళిన నాడు ఇంటికి బరువు. అట్టి పిల్లిని గోనెసంచిలో కట్టి కాలువ అవతల వదలివచ్చే అలవాటు మన ప్రాంతంలో తెలియనివారుండరు. హైదరాబాదుకో, కువైట్‌కో కుటుంబం తరలిపోయి ఇంటికి తాళం పడినప్పుడు గోడ మీద మిగిలేది కూడ ఆ ముసలి పిల్లియే.

అట్టి పిల్లిని గూర్చియే ఈ వ్యాసం. పిల్లిని పెంచుకొనదలచినవారు కూన కోసం వెదకక, ఎనిమిది పదేండ్లు నిండిన పిల్లిని జంతు సంరక్షణాలయం నుండి తెచ్చుకొనుట మేలని నా అభిప్రాయం. అది దయ మాత్రమే కాదు, తెలివైన పని కూడ.

ముసలి పిల్లికి మన సాహిత్యంలో మంచి పేరు లేదన్న మాట నిజమే. పంచతంత్రంలోని దధికర్ణుడు ఏటి ఒడ్డున తపస్సు నటించి, తగవు తీర్చమని వచ్చిన కుందేలును, కపింజలమనే పక్షిని "వృద్ధుడను, చెవులు వినబడవు, దగ్గరకు రండు" అని పిలిచి రెండింటిని భక్షించినాడు. మహాబలిపురంలోని పెద్ద శిలాఫలకం మీద వెనుక కాళ్ళపై నిలిచి, ముందు కాళ్ళు పైకెత్తి తపస్సు చేయుచున్న పిల్లిని నేటికీ చూడవచ్చును. దాని చుట్టూ ఎలుకలు. ఉర్దూలో "నౌ సౌ చూహే ఖాకర్ బిల్లీ హజ్ కో చలీ" అనే సామెత ఉన్నది. తొమ్మిది వందల ఎలుకలను తిన్న పిల్లి చివరకు హజ్ యాత్రకు బయలుదేరినదట! రెండు భాషలూ కలిసి ఒక ముసలి ప్రాణి మీద వేసిన నింద ఇది. కథకుడు మనిషిలోని కపటాన్ని చెప్పదలచి పిల్లిని అరువు తెచ్చుకొన్నాడు. అయితే ఒక విషయంలో అతని పరిశీలన సరియైనదే. వృద్ధాప్యంలో పిల్లికి నిజంగానే చెవుడు వచ్చును. దధికర్ణుడు పలికిన మాటలలో సత్యం అదొక్కటే కావచ్చు!

ఇస్లాం సంప్రదాయంలో పిల్లి స్థానం వేరు. హజ్రత్ అబూ ఖతాదా (రజి.) కొరకు ఆయన కోడలు కబ్షా వుజూ నీరు సిద్ధం చేయగా, ఒక పిల్లి వచ్చి ఆ పాత్రలో మూతి పెట్టినది. ఆయన దానిని తరుమలేదు. అది తృప్తిగా త్రాగుటకు వీలుగా పాత్రను వంచినారు. కోడలు ఆశ్చర్యంతో చూడగా, పిల్లి అపవిత్రం కాదనియు, అది మీ మధ్య తిరుగాడే వారిలో ఒకటి అనియు ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పిన సంగతిని ఆమెకు తెలిపినారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో కలదు. ఇక్కడ "తిరుగాడేవారు" అనుటకు వాడిన అరబ్బీ మాట గమనింపదగినది. దివ్య ఖుర్ఆన్ అన్నూర్ సూరాలో ఇంటిలో వచ్చి పోయే సేవకులను, పిల్లలను గూర్చి చెప్పినప్పుడు వచ్చే మాట కూడ ఆ ధాతువు నుండి పుట్టినదే. అనగా పిల్లి ఇంటి ఆస్తి కాదు, ఇంటి మనుషుల లెక్కలోనిది. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తానే వేటాడుకొనుటకు విడువక చంపిన స్త్రీ శిక్షకు గురి అయినదనే హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోను ఉన్నది. పిల్లికి వెల కట్టి అమ్ముటను నిరసించే హదీసు ఒకటి సహీహ్ ముస్లింలో కలదు. పండితులలో అధికసంఖ్యాకులు అమ్మకమును అనుమతించినారు గాని, కొనుటకంటె చేరదీయుట ఉత్తమమని గ్రహించుటకు పండితులు కానక్కరలేదు.

దయను వ్యక్తి ఇష్టానికి వదలక ఒక ఏర్పాటుగా మార్చిన ఉదాహరణ కూడ చరిత్రలో కలదు. 1260 నుండి 1277 వరకు ఈజిప్టును పాలించిన సుల్తాన్ బైబర్స్, కైరో సమీపంలోని ఒక తోటను పిల్లుల పోషణకు వక్ఫ్ చేసినాడు. కాలక్రమంలో ఆ తోట చేతులు మారినది. అయినను 1830 ప్రాంతంలో కైరోలో నివసించిన ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు, ప్రతిదినం మధ్యాహ్నం తరువాత న్యాయస్థానపు ముంగిట పిల్లులకు ఖాజీ ఆహారం పెట్టించుటను గూర్చి తన గ్రంథంలో వ్రాసినాడు. సుల్తాను మరణించి అప్పటికి ఐదున్నర శతాబ్దాలు!

మన దేశంలో ఈ పని చట్టరూపం దాల్చుటకు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ కృషి కారణం. 1953లో రాజ్యసభలో ఆమె ప్రవేశపెట్టిన బిల్లు తరువాతి చర్యలకు దారి తీయగా, 1960లో జంతుహింసా నివారణ చట్టం వచ్చినది. 1962లో ఆమె అధ్యక్షతన జంతు సంక్షేమ మండలి ఏర్పడినది. తగిన కారణం లేక, ఆకలిదప్పులకు గురియగునట్లు ఒక జంతువును వదలివేయుట ఈ చట్టం 11వ విభాగం క్రింద నేరం. గోనెసంచి కట్టేవారు ఎందరు ఈ మాట విన్నారో! మొదటి తప్పుకు ఆ చట్టం విధించిన జరిమానా 10 నుండి 50 రూపాయలు. ఆ రోజులలో అది కొంత సొమ్మే. నేడు ఆ మొత్తానికి కిలో చేపలు కూడ రావు. మన తెలుగు ప్రాంతంలో శ్రీమతి అక్కినేని అమల 1992లో హైదరాబాదులో ప్రారంభించిన బ్లూ క్రాస్, 1996లో విశాఖపట్నంలో వెలసిన విశాఖ జంతు సంరక్షణ సంఘం పేరెన్నికగన్నవి. రాజమహేంద్రవరం నుండి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు, రైలులో ఒక పూట ప్రయాణం. ఏ సంరక్షణాలయానికి వెళ్ళినను కనబడేది ఒకటే. వచ్చినవారి చూపు మొదట కూనల మీద పడును. పెద్ద పిల్లి మూలన కూర్చొని ఉండును; అది మీదకు ఉరికి ఆడదు, అందుచేత దానినెవరూ అడుగరు.

పిల్లి వయస్సును పశువైద్యులు మనిషి వయస్సుతో పోల్చి చెప్పుచుందురు. మొదటి ఏడాది మనిషి 15 ఏండ్లకు, రెండవ ఏడాది చివరకు 24 ఏండ్లకు సమానం. ఆ తరువాత ఏడాదికి నాలుగేండ్ల చొప్పున కలుపవలెను. ఈ లెక్కన పదేండ్ల పిల్లికి 56 ఏండ్లు, పదిహేనేండ్ల పిల్లికి 76. ఇంటిపట్టున శ్రద్ధగా పెరిగిన పిల్లి పదిహేనేండ్లు జీవించుట సాధారణం. ఇరువదికి చేరినవి కూడ ఉన్నవి. కనుక పదేండ్ల పిల్లిని తెచ్చుకొనుట చావును ఇంటికి తెచ్చుకొనుట కాదు. ఇంకను ఐదారేండ్ల స్నేహం మిగిలి ఉండవచ్చును.

కూన ఎట్టిదగునో పెరిగినగాని తెలియదు. పెద్ద పిల్లి స్వభావం ఏర్పడి ఉండును: ఒడిలో కూర్చొనేదా, దూరంగా ఉండేదా, పిల్లలను సహించేదా అన్నది అక్కడి సేవకులే చెప్పగలరు. సంరక్షణాలయాలలోని పెద్ద పిల్లులకు సాధారణంగా సంతానం కలుగకుండ శస్త్రచికిత్స జరిగి ఉండును. తెర పట్టుకొని ప్రాకే వయసు దాటిపోయినది. గర్భిణులున్న ఇండ్లలో టోక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవిని గూర్చి భయపడుట కద్దు. పిల్లి సాధారణంగా ఆ జీవి తొలిసారి సోకినప్పుడు, అదియు రెండు మూడు వారాలు మాత్రమే, దానిని మలంలో విడుచును. ఇది కూనప్రాయంలో జరిగే అవకాశం ఎక్కువ. ముసలి పిల్లితో ఈ ప్రమాదం తక్కువ. అయినను మలం పెట్టెను ప్రతిదినం, గర్భిణి కాని మరియొకరు, శుభ్రం చేయుట మంచిది. రోజంతా ఇంటిలో ఒంటరిగా గడిపే వృద్ధులకు ఇట్టి పిల్లి తగిన తోడు. బిడ్డలు దూరదేశాలలో ఉన్న ఇండ్లు కోనసీమలో తక్కువేమీ కాదు.

కుక్క మనిషిని అంటిపెట్టుకొనును. పిల్లికి చోటు ముఖ్యం. అందుచేత క్రొత్త ఇంటికి వచ్చిన ముసలి పిల్లి మొదటి వారం మంచం క్రింద నుండి బయటకు రాకపోయినను ఆశ్చర్యపడవలదు. గాలి ఆడే బుట్టలో తెచ్చి, ఒక గదిలో నీరు, ఆహారం, ఇసుక పెట్టె ఉంచి తలుపు వేయవలెను. అది వాడిన పాతగుడ్డ ఒకటి వెంట తెచ్చుకొన్నచో ఆ వాసనకు ధైర్యం తెచ్చుకొనును. లాగి ఎత్తుకొనరాదు, వచ్చిన రోజుననే స్నానం చేయించరాదు. గదిలో కూర్చొని మీ పుస్తకం మీరు చదువుకొనుడు. ఒకనాటి సాయంకాలం అదే వచ్చి కాలికి ఒరసుకొనును.

ఆహారం విషయంలో మన ఇండ్లలో అపోహలు ఎక్కువ. పిల్లి అనగానే పాలు గుర్తుకు వచ్చును. పెద్ద పిల్లులలో చాలవాటికి పాలలోని చక్కెర జీర్ణం కాక విరేచనాలగును. ఒట్టి పెరుగన్నం కడుపు నింపునే గాని ప్రాణం నిలుపదు. టారిన్ అనే పదార్థం పిల్లికి తప్పనిసరి. అది మాంసం, చేపలలో ఉండును, ధాన్యంలో ఉండదు. ఇది లోపించినచో చూపు పోవుననియు, గుండె బలహీనపడుననియు 1975, 1987 సంవత్సరాలలో వెలువడిన పరిశోధనలు తేల్చినవి. ముళ్ళు తీసి, ఉప్పు వేయక ఉడికించిన చేప, కోడిమాంసం ఇవ్వవచ్చును. ఉప్పుచేప వలదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను చెరచును; కనుక పులావు మిగులు, కూరముక్క దాని గిన్నెలో వేయరాదు.

నీరు ఎక్కువగా త్రాగుచున్నచో మూత్రపిండాలను, ఎక్కువ తినుచు చిక్కిపోవుచున్నచో గొంతులోని థైరాయిడ్ గ్రంథిని అనుమానించవలెను. గోడ ఎక్కుట మానినది బద్ధకం వలన కాదు, కీళ్ళనొప్పి వలన. తినబోయి వెనుదిరిగినచో పళ్ళు చూపించవలెను. ఏడాదికి రెండుసార్లు పశువైద్యశాలకు తీసుకొనిపోయి, రేబిస్ టీకా క్రమం తప్పక వేయించవలెను. పిల్లి కరచినను, గీరినను సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వైద్యుని చూడవలసినదే. మనం తలనొప్పికి మ్రింగే పారాసెటమాల్ పిల్లికి విషం. దానిని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. సగం మాత్ర ప్రాణం తీయగలదు. ఫినాయిలుతో కడిగిన నేల ఆరకముందు దానిని నడువనీయరాదనుట కూడ ఇందుకే.

మన డెల్టాకు ప్రత్యేకమైన అపాయం మరొకటి ఉన్నది. సార్వాలోను, దాళ్వాలోను పొలం గట్ల మీద ఎలుకలకు, పందికొక్కులకు బ్రోమాడియోలోన్ ఎర పెట్టుదురు. ఆ మందు రక్తం గడ్డకట్టకుండ చేయును. తిన్న ఎలుక వెంటనే చావక కొద్దిరోజులు మందకొడిగా తిరుగాడును. పడుచు పిల్లికి ఏ ఎలుకైనను దొరకును. పరుగెత్తలేని ముసలి పిల్లికి దొరికేది ఆ మందకొడి ఎలుకయే. వదలివేయబడిన ముసలి పిల్లి "ఎలుకలు పట్టుకొని బ్రతుకునులే" అనుకొనేవారు ఈ సంగతి ఆలోచించవలెను. ఎర పెట్టే రోజులలో పిల్లిని ఇంటిలోనే ఉంచవలెను. చిగుళ్ళ నుండి రక్తం వచ్చినను, పాలిపోయినను ఆలస్యం చేయక వైద్యుని వద్దకు చేర్చినచో కె1 విటమిన్‌తో బ్రతికించు అవకాశం కలదు.

వృద్ధులు వృద్ధ పిల్లిని తెచ్చుకొనునప్పుడు, తమ తరువాత దానికి దిక్కెవరన్న ప్రశ్న సహజం. సుల్తాను చేసిన ఏర్పాటు మనకు సాధ్యం కాదు గాని, ఒక కాగితం సాధ్యమే. పిల్లి ఏ పేరుకు పలుకును, ఏమి తినును, టీకా ఎప్పుడు వేయించినది, ఏ మందులు వాడుచున్నది వ్రాసి, ఒప్పుకొన్న పొరుగువారి చేతిలో ఒక ప్రతి, పిల్లిని తెచ్చిన సంరక్షణాలయంలో మరొక ప్రతి ఉంచవలెను. ఆ పొరుగువారు వారానికొకసారి వచ్చి తమ చేతితో దానికి అన్నం పెట్టి పోవుచున్నచో, అవసరం వచ్చిన నాడు పిల్లి వారిని క్రొత్తవారుగా చూడదు.