స్వరగుచ్ఛమునకు చేర్పు స్వరము

కడప జిల్లా సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారి ‘కీచకవధ’తో ఆరంభమైన నాటక సంప్రదాయము మన ప్రాంతమున హార్మోనియమును ఇంటింటికి పరిచితము చేసినది. పద్యము ముగిసి నటుడు ఊపిరి తీసికొను వేళ, హార్మోనిస్టు ఒక్కొక్కప్పుడు షడ్జము, అంతర గాంధారము, పంచమము అను మూడు మెట్లను ఒక్కసారిగా నొక్కును. పాశ్చాత్యులు కార్డు అని పిలుచు స్వరగుచ్ఛమిదియే.

స-గ-ప అని పలికినపుడు షడ్జము అడుగున నిలిచి, నాదము స్థిరముగా ఉండును. ఆ షడ్జమునే పై స్థాయికి జరిపి గ-ప-స అని గాని, గాంధారమును గూడ జరిపి ప-స-గ అని గాని పలికింపవచ్చును. స్వరములు మారలేదు, అడుగు స్వరము మాత్రమే మారినది. అయినను మొదటి నిలకడ తగ్గి, ఇంకను ఏదియో రావలసియున్నట్లు చెవికి తోచును. దీనినే విపర్యయమందుము.

ఇక స-గ-పలకు చతుశ్శ్రుతి ధైవతమును చేర్చి చూడుడు. స-గ-ప-ద మెత్తగా, నిండుగా పలుకును. ఆ ధైవతమునే అడుగునకు దింపి ద-స-గ-ప అనినచో వింత జరుగును. ధైవతమును ఆధారముగా లెక్కింపగా షడ్జము సాధారణ గాంధారమగును, గాంధారము పంచమమగును, పంచమము కైశికి నిషాదమగును. ప్రసన్నమైన నాదము విషాదచ్ఛాయను పొందును. ఫ్రెంచి విద్వాంసుడు రామో 1722లో ప్రకటించిన గ్రంథమున ఈ విపర్యయములను, చేర్పు స్వరమును శాస్త్రబద్ధముగా చర్చించెను.

మనకిది క్రొత్త కాదు. మోహనరాగ స్వరములను ధైవతము నుండి ఆరంభించి, దానినే షడ్జముగా భావించిన శుద్ధధన్యాసి వచ్చును. మనవారు దీనిని గ్రహభేదమనిరి. అచట రాగమును, ఇచట గుచ్ఛమును నిర్ణయించునది ఆధారస్వరమే.

అయితే ఒక హెచ్చరిక. గుచ్ఛము స్వరమును కదలనీయక నిలుపును. మన రాగమునకు ప్రాణము గమకము. మెట్టునకు మెట్టునకు నడుమనున్న నాదమును హార్మోనియము పలుకలేదను ఆక్షేపణ బలపడుటచేతనే ఆలిండియా రేడియో 1940లో దానిని నిషేధించి, 1971లో గాని సడలింపలేదు. కావున రాగాలాపనపై గుచ్ఛమును మోపరాదు. విరామమున వినిపించిన శోభించును.

ఈసారి మీ రేడియోలో నాటక పద్యము వచ్చునపుడు, పాట ఆగినచోట అడుగున ఏ స్వరమున్నదో చెవియొగ్గి వినుడు. ఆ నాదము మనస్సునకు ఊరటనిచ్చుటయో, ఎదురుచూపు కలిగించుటయో అచటనే తేలును.